మామయ్య గొంతు జబ్బు

ఫిబ్రవరి 4, సోమవారం
మైకుసెట్టు కొట్టు నుంచి

చెల్లాయ్,

చింపేముందు ఒక్కసారి చదువు. చదివాక నీ ఇష్టం.

ఫోన్లో డాక్టరు గొంతు పెట్టింది నేనే. "అమ్మా, పాప కడుపులో గడ్డ కరిగిపోయింది, సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళిపోండి" అన్నది నేనే. రెండో మాటకే పట్టేసి "ఒరేయ్ అన్నయ్యా" అని తిడతావనుకున్నాను. తిట్టాక కాస్త నవ్వుతావనుకున్నాను. నువ్వేమో "నిజమా సార్, నిజమా సార్" అని రెండుసార్లు అడిగావు. అప్పటికే నాకు నవ్వొచ్చేసింది. నవ్వు మొదలైతే మధ్యలో ఆగే రకం కాదు నాది, నీకు తెలుసు. ఫోను పెట్టేశాక మాత్రం కొట్లో స్పీకరు పెట్టెల మధ్యే కూర్చుండిపోయాను.

ఇకనుంచి ఫోను వద్దు, ఉత్తరమే రాయమన్నావని బావ చెప్పాడు. "కాగితం మీద వాడు గొంతు మార్చలేడు కదా" అన్నావట. ఏడో తరగతి మూడుసార్లు రాసి మూడుసార్లూ అక్కడే ఉండిపోయినవాణ్ణి. నా చేత ఉత్తరాలు రాయించడం కంటే పెద్ద శిక్ష ఏ జడ్జీ వెయ్యలేడు. సరే, అనుభవిస్తాను.

ఇక్కడి సంగతులు. మీ ఇంటి తాళం నా మేకుకే వేలాడుతోంది. బావ ఐసు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి నేరుగా నా కొట్టుకే వస్తున్నాడు, ఆ ఇంట్లోకి వెళ్ళడానికి కాళ్ళు రావట్లేదట. ఇద్దరం స్పీకరు పెట్టెల మీద కూర్చుని తింటున్నాం. ఆయన మాట్లాడడు, నేను ఆపను, కాబట్టి గొడవలేదు. ఒక ఫర్నిచరు కొట్టు తగ్గింపు అమ్మకాల కోసం మూడు రోజులుగా వ్యానులో తిరిగి అరుస్తున్నాను. గొంతు బొంగురుపోయింది, మింగితే గుచ్చుకుంటోంది. ఇంత అరిచినా ఒక్క బీరువా కదల్లేదని ఆ కొట్టువాడు నన్నే తిట్టాడు.

పిడుగు ఎలా ఉంది? నా గొంతులు అడుగుతోందా? ముసలి కుక్క గొంతు, జలుబు చేసిన రైలు గొంతు, వాళ్ళమ్మ కోప్పడే గొంతు, మూడూ సాధన చేస్తున్నానని చెప్పు.

నీ పనికిమాలిన అన్నయ్య,
మైకు


ఫిబ్రవరి 7, గురువారం
ఆసుపత్రి, మూడో అంతస్తు, ఆరో గది

అన్నయ్యా,

చింపలేదు. ఇక్కడ కాగితం చింపినా మళ్ళీ చేతులు కడుక్కోవాలి, అంత ఓపిక లేదు.

నేను నవ్వుతాననుకున్నావు కదా, ఏం చేశానో విను. నీ మాట పూర్తికాకముందే మంచం కింద సంచి లాగాను. మేకుకున్న గౌన్లు మూడూ తీసి అందులో పడేశాను. "ఇంటికి పోతున్నాం పిడుగూ" అన్నాను. అది మంచమెక్కి గంతులేసింది, ఛాతీకి గొట్టం వేలాడుతోందన్న సంగతి కూడా మరిచిపోయి. అప్పుడు వినిపించింది నీ నవ్వు. ఆ గౌన్లు సంచిలోంచి తీసి మళ్ళీ మేకుకు తగిలించేటప్పుడు నువ్వు పక్కన ఉండాల్సింది. ఆరేళ్ళ పిల్ల, నా చేతులకేసే చూస్తూ కూర్చుంది.

నీకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు గనుక మళ్ళీ రాస్తున్నాను. గడ్డ కిడ్నీ పక్కన ఉంది. ఆరు విడతలు మందు ఎక్కించాలి, ఆ తర్వాత ఆపరేషను. ఇప్పుడు నాలుగో విడత అయింది. మందు ఎక్కిన వారం పది రోజులకు రక్తంలో తెల్లకణాలు అడుగంటిపోతాయి. అప్పుడు పక్కవాడి తుమ్ము కూడా దీనికి గండమే. అందుకే గదికి ఒక్క మనిషినే ఉండనిస్తారు. మీ బావ ఆదివారం వచ్చి తలుపుకున్న అద్దం అవతల నిలబడి చెయ్యి ఊపి పోతాడు. ఆ చల్లటి చెయ్యి నుదుటి మీద పెట్టించుకోవాలని ఇది పేచీ పెడుతుంది.

కారిడార్లో ఒక స్పీకరు ఉంది, మమ్మల్ని పిలవాలంటే డాక్టర్లు దాంట్లోనే పిలుస్తారు. నోట్లో గుడ్డలు కుక్కుకున్నట్టు గురగురమంటుంది. ఏ గదినో తెలియక ప్రతి పిలుపుకీ తల్లులందరం కౌంటరు దగ్గరికి పరిగెడతాం. ఒకామె ఉండిపోతుంది. మిగిలినవాళ్ళం తిరిగొస్తాం, ఈసారికి మనది కాదని.

నువ్వు రావద్దు. వచ్చావంటే నీకు చెల్లెలు లేదనుకో.

గొంతులు అడుగుతోంది. రోజూ అడుగుతోంది.

చెల్లి


ఫిబ్రవరి 12, మంగళవారం
కొట్టు నుంచి

చెల్లాయ్,

అన్నయ్యను రావద్దన్నావు. ఒప్పుకున్నాను. స్పీకరు మెకానిక్కును రావద్దన్నావా? నీ ఉత్తరం తిరగేసి బోర్లేసి చూశాను, ఆ మాట ఎక్కడా లేదు.

నిన్న ఆకుపచ్చ కోటు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, చేతిలో స్క్రూడ్రైవరుతో నేను తలుపు తోసినప్పుడు నీ మొహం చూడాలి! తిట్టడానికి నోరు తెరిచావు, పిడుగు కేక పెట్టేసరికి మూసేశావు. తర్వాత గోడవైపు తిరిగావు. భుజాలు ఊగాయి. ఏడుస్తున్నావనుకునేంత వెర్రివాణ్ణి కాను.

ఆసుపత్రి సూపర్‌వైజరును పట్టుకోవడం ఎంతసేపు! "మీ స్పీకరు పొర చిరిగిపోయింది సార్, వింటుంటే నా ప్రాణం పోతోంది, ఊరికే బాగుచేసి పెడతాను" అన్నాను. ఊరికే అన్న మాట వినగానే కోటు ఆయనే తొడిగాడు.

ఇరవై నిమిషాలే ఉన్నాను, అయినా నాలుగు నెలల దిగులు తీరింది. దాని గుండు చూసి నాకు దడ పుట్టింది గానీ పైకి "బల్బు ఎన్ని క్యాండిళ్ళే?" అన్నాను. "మామయ్యా, నీ గొంతేంటి అలా ఉంది?" అంది. "కప్పను మింగాను" అన్నాను. "అంటుకుంటుందా?" అంది. "అంటుకోకేం, నాతో మాట్లాడిన వాళ్ళందరికీ అంటుకుంటుంది. ముందు మీ అమ్మకు, తర్వాత నర్సుకు" అన్నాను. ఎంత నవ్విందో చూశావుగా.

గురువారం కొత్త స్పీకరు తెచ్చి బిగిస్తాను. పిడుగుకు మాటిచ్చాను: అందులో మొదటి పిలుపు మామయ్యదే. డాక్టరు గొంతుతో "ఆరో గది తల్లి వెంటనే కౌంటరు దగ్గరికి రావాలి" అంటాను, నువ్వు పరిగెత్తాలి, అది నవ్వాలి. "పిచ్చి వేషాలు వేశావంటే చంపుతా" అన్నావు. కానీ మెల్లగా అన్నావు. మెల్లగా అన్నవి నేను లెక్కలోకి తీసుకోను.

విజయం సాధించిన
మైకు


ఫిబ్రవరి 17, ఆదివారం
ఆసుపత్రి, మూసిన గది

అన్నయ్యకు,

గురువారం సాయంత్రం దానికి వణుకు పుట్టింది. జ్వరం నూట నాలుగు. పెదవులు నల్లబడ్డాయి. గది మార్చారు. ఇక్కడికి నన్ను కూడా టోపీ, చేతితొడుగులు వేసుకుంటేనే రానిస్తున్నారు. మూడు రోజులుగా అది కళ్ళు సరిగ్గా తెరవలేదు.

నీ మొదటి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. "గొంతు బొంగురుపోయింది, మింగితే గుచ్చుకుంటోంది." నీ చేత్తో నువ్వే రాశావు. అరుపుల వల్ల అనుకుని నేనూ ఊరుకున్నాను. అరిస్తే బొంగురుపోతుంది గానీ మింగితే గుచ్చుకుంటుందా? జబ్బు గొంతు వేసుకుని నా బిడ్డ మంచం మీద కూర్చున్నావు. మూతిగుడ్డ కిందికి లాగి కుక్కలా మొరిగావు. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలని ఉంది.

చిన్నప్పుడు నా పుస్తకాల సంచిలో తొండను పెట్టావు, సహించాను. నా పెళ్ళిలో కరెంటు తీసేశావు, సహించాను. నీకు అన్నీ ఆటే. నీ ఆటకు నా బిడ్డే దొరికిందా?

ఇక రాయకు.


ఫిబ్రవరి 20, బుధవారం
కొట్టు నుంచి

చెల్లాయ్,

రాయవద్దన్నావు. ఇదొక్కటీ రాయనివ్వు.

అరుపుల వల్లే అనుకున్నానని రాసి, కొట్టేసి, మళ్ళీ రాస్తున్నాను. అది అబద్ధం. మీ గదికి వచ్చిన సోమవారం పొద్దున నాకు ఒళ్ళు వెచ్చగానే ఉంది. మాత్ర వేసుకుని బస్సెక్కాను. ఆగితే మళ్ళీ ధైర్యం చాలదని ఎక్కాను. సీట్లో కూర్చున్నంతసేపూ "ఏం కాదు, ఏం కాదు" అనుకున్నాను. చూశావా, ఆఖరికి నన్ను నేనే బోల్తా కొట్టించుకున్నాను.

గురువారం మాత్రం మీ గది దగ్గరికే రాలేదు, నమ్ము. స్పీకరు బిగించి, కౌంటరు దగ్గర మైకు అందుకోబోతే సూపర్‌వైజరు లాక్కున్నాడు. "పనైందిగా, ఇక దయచెయ్యి" అన్నాడు. పిడుగుకిచ్చిన మాట పోయిందని తిట్టుకుంటూ మెట్లు దిగుతుంటే పైన మొదటి పిలుపు వినిపించింది. "ఆరో గది తల్లి వెంటనే కౌంటరు దగ్గరికి రావాలి" అని. అసలు డాక్టరే. నేను అనబోయిన మాటే ఆయన అనేసరికి నవ్వొచ్చింది. ఎంత తేటగా వచ్చిందనుకున్నావు, ఒక్క అక్షరం నలగలేదు. మూడుసార్లు పిలిచాడు. మూడుసార్లూ మెట్ల మీదే నిలబడి నా పనితనం విని మురిసిపోయాను. నువ్వు ఈపాటికి కౌంటరు దగ్గర ఉంటావనుకుని బస్సుకు వెళ్ళిపోయాను.

పిడుగు కళ్ళు తెరిచిందో లేదో బావతోనైనా చెప్పించు. తిట్టు, కొట్టు, కానీ ఆ ఒక్క కబురు పంపు.

అన్నయ్య


మార్చి 6, బుధవారం
ఆసుపత్రి

అన్నయ్యకు,

బతికింది.

జ్వరం దిగడానికి పదకొండు రోజులు పట్టింది. ఉన్న మందుల్లోకెల్లా బలమైనది ఎక్కించారు. డాక్టరు ముందే చెప్పాడు: గడ్డకు వాడే మందే చెవులను కొంత తినేస్తుంది, దాని మీద ఈ మందు కూడా పడితే వినికిడి మిగలకపోవచ్చు, కానీ ఎక్కించకపోతే రేపటికి పిల్లే మిగలదు అని. కాగితం ముందుకు జరిపాడు. సంతకం పెట్టాను. నా సంతకం ఎప్పుడూ వంకరగా ఉంటుందని ఎగతాళి చేస్తావుగా, ఈసారి తిన్నగా వచ్చింది.

నిన్న చెవుల పరీక్ష చేశారు. అద్దాల పెట్టెలాంటి చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు పెద్ద డిప్పలు పెట్టారు. చేతికి చెక్క బిళ్ళ ఇచ్చారు. చప్పుడు వినిపించినప్పుడల్లా బిళ్ళ డబ్బాలో వెయ్యాలి. మొదట ఎలా వెయ్యాలో చూపిస్తే తల ఊపింది. తర్వాత పరీక్ష చేసే ఆమె మీటలు నొక్కుతూనే ఉంది. ఇది బిళ్ళ పట్టుకుని, ఎంతో బుద్ధిగా, ఎప్పుడు వినిపిస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చుంది. బిళ్ళ చెమటకు తడిసిపోయింది. దడాలున తలుపేస్తే తెలుస్తుంది. మాట తెలియదు.

నీ గొంతు ఇక దానికి వినపడదు. నిశ్చింతగా ఎంతైనా అరుచుకో.


మార్చి 11, సోమవారం
కొట్టు నుంచి

చెల్లాయ్,

నువ్వు రాసిందాంట్లో నేను కాదనడానికి ఒక్క మాట లేదు.

మైకు పట్టుకోవడం మానేశాను. పెట్టెలు అద్దెకిస్తాను, వైర్లు కలుపుతాను, వచ్చేస్తాను. "నువ్వే ఒక మాట అరిచిపోరా" అని ఎవరైనా అంటే గొంతు చూపించి చెయ్యి తిప్పుతాను. నాకు మాట పడిపోయిందని పుకారు లేచింది. కొందరు సంతోషంగానే ఉన్నారు, వాళ్ళను తప్పు పట్టలేం.

నీ ఉత్తరం బావకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు స్పీకరు గుడ్డ మీద దుమ్ము దులుపుతూ కూర్చున్నాడు. కొట్టినా బాగుండేది. ఆఖరికి "నీ తప్పు ఎంతో నాకు తెలియదు. అన్నం తిను" అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నాతో ఆయన మాట్లాడిన అతి పొడుగు మాట అదే అనుకుంటాను.

తినలేకపోయాను.

అన్నయ్య


మార్చి 28, గురువారం
ఆసుపత్రి, ఆరో గది

అన్నయ్యా,

నిలబడి చదువుతుంటే కూర్చో.

జ్వరం నీ వల్ల రాలేదు. ఫిబ్రవరి పంతొమ్మిదినే రక్తం పరీక్ష ఫలితం వచ్చింది. జ్వరం తెచ్చిన క్రిమి దాని పేగుల్లోదేనట. తెల్లకణాలు లేనప్పుడు ఒంట్లోవే తిరగబడతాయట. "మా అన్నకు గొంతు నొప్పి ఉంది సార్" అని నేనే అడిగాను. "దానికీ దీనికీ సంబంధం లేదమ్మా" అన్నాడు డాక్టరు. చెవుల సంగతి నీకు రాసేటప్పటికి నాకీ సంగతి తెలుసు. తెలిసే రాశాను.

నువ్వు స్పీకరు బిగించిన గురువారం పొద్దున తీసిన రక్తంలో కణాలు సున్నా. ఒళ్ళు కాస్త వెచ్చబడుతోంది. వెంటనే మందు మొదలుపెట్టాలని డాక్టరు స్పీకర్లో పిలిచాడు. "ఆరో గది తల్లి వెంటనే కౌంటరు దగ్గరికి రావాలి." నేనూ అదీ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అది చప్పట్లు కొట్టి "మామయ్య! మామయ్య!" అంది. నేను కదల్లేదు. ఒకసారి సంచి సర్దించావు, ఇంకోసారి నీ చేతిలో వెర్రిదాన్ని కాకూడదని పంతం. "అరవనీ, అరిచి అరిచి వాడే అలిసిపోతాడు" అన్నాను. మూడోసారి పిలిచినప్పుడు గొంతులో కోపం వినిపించింది. వీడెంత బాగా చేస్తున్నాడో అనుకున్నాను.

అది డ్యూటీలు మారే వేళ. పోయే నర్సు వచ్చే నర్సుకు చెప్పలేదు. పిలిచారు కదా, వెళ్ళి ఉంటానని అందరూ అనుకున్నారు. అలా నాలుగు గంటలు పోయాయి. వణుకు మొదలయ్యాక నేనే కౌంటరు దగ్గరికి పరిగెత్తితే "ఎప్పుడో పిలిస్తే ఇప్పుడా రావడం?" అన్నారు. అప్పుడే మొదలుపెట్టి ఉంటే అంత బలమైన మందు అవసరమయ్యేదా అని అడిగాను. డాక్టరు కళ్ళజోడు తీశాడు. అద్దాలు తుడుచుకున్నాడు.

నువ్వు మెట్ల మీద నిలబడి విన్నానని రాసిన రోజు ఆ కాగితం తినేద్దామనిపించింది. మీ బావకు ఇంకా చెప్పలేదు. నిన్ను తిట్టినన్నాళ్ళూ నాకు నిద్ర పట్టింది అన్నయ్యా. అందుకే తిట్టాను.

ఇంకొకటి ఉంది. అది తన చెవులు పోయాయనుకోవడం లేదు. మా అందరి గొంతులూ పోయాయనుకుంటోంది. మామయ్య కప్ప అంటుకుందట. ముందు అమ్మకు, తర్వాత నర్సుకు, ఇప్పుడు డాక్టరుకు కూడా. నువ్వు చెప్పిన వరసలోనే. ఆయన నోరు కదిలిస్తుంటే పాపం అన్నట్టు చూస్తుంది. నోటి పుళ్ళకని నర్సు ఇచ్చే చప్పరించే బిళ్ళలు రోజుకొకటి దాచింది. ఏడయ్యాయి. జబ్బు ముందు నీకే వచ్చింది గనుక నీకే పంపమంది. కవర్లో పెట్టాను.

పలక మీద రాసి చూపిస్తున్నాను. ఒత్తులు లేని మాటలైతే కూడబలుక్కుని చదువుతుంది. కానీ ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు అబద్ధాల్లో ఆరితేరినవాడివి. నువ్వే చెప్పు, నిజం రాయనా, కప్పనే ఉంచనా?

చెల్లి


ఏప్రిల్ 1, సోమవారం
కొట్టు నుంచి

చెల్లాయ్,

తారీఖు చూసి అనుమానపడకు. ఈ రోజున నేను నిజం రాయడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

నీ ఉత్తరం చదివి ముందు ఒక పెట్టెను కాలితో తన్నాను. ముప్పై ఏడు రోజులు నన్ను వేలాడదీశావు. నీకు చీమ కుట్టినట్టైనా లేదే అనుకున్నాను. తర్వాత ఇంకో సంగతి తట్టింది. డాక్టరు పిలుపు నీకు నా పిలుపులా వినిపించేట్టు చేసింది ఎవరు? గురగురమనే ఆ పాత స్పీకరే ఉండి ఉంటే ఎప్పటిలాగే అందరితో పాటు నువ్వూ పరిగెత్తేదానివి కదా? సగం నీది, సగం నాది అని రాద్దామనుకున్నాను. ఎంత సర్దినా సగాలు కుదరడం లేదు. వదిలెయ్. ఇక ఈ విషయం మీద నువ్వు నన్ను తిట్టొద్దు, నేను నిన్ను ఓదార్చను. బావకు మాత్రం నువ్వే చెప్పు. ఆయన నిన్ను కూడా అన్నం తినమంటాడు. అప్పుడు తెలుస్తుంది ఎలా ఉంటుందో.

బిళ్ళ ఒకటి చప్పరించాను. చేదుగా ఉంది. మిగతా ఆరూ మైకు డబ్బాలో పెట్టాను.

కప్పను ఉంచవద్దు. బిళ్ళలు పనిచేశాయనో, ఇంకా పనిచేయలేదనో ఓ ఆర్నెల్లు నడపడం నాకు చిటికెలో పని. నడపను. కప్పను దాని నెత్తిన పెట్టింది నేను, తీసేదీ నేనే.

ఆదివారం బావతో కలిసి వస్తాను. కోటు లేదు, స్క్రూడ్రైవరు లేదు, గేటు దగ్గర పేరు చెప్పి వస్తాను, అద్దం అవతలే నిలబడతాను. ఒక పెద్ద అట్ట మీద రాసుకున్నాను. ఒత్తులు లేకుండా మాటలు ఏరుకోవడానికి రెండు రోజులు పట్టింది: "నా గొంతు బాగానే ఉంది."

అది కూడబలుక్కుని చదువుతుంది. నమ్మదు. నా మాట ఎవరు నమ్మారు గనక. అప్పుడు ముసలి కుక్క గొంతు పెడతాను. మామూలుగా కాదు, వార్డంతా తలుపులు తీసి బయటికి వచ్చేలా, సూపర్‌వైజరు వచ్చి నన్ను మెడపట్టి గెంటేలా. అందరూ నావైపు తిరుగుతారు. వాళ్ళు తిరగడం అది చూస్తుంది.

అప్పుడు దాని దగ్గర నువ్వు ఉండాలి.

అన్నయ్య